ఫోనుకు చెప్పిన మాట ఎవరి ఖాతాలో పడుతోంది?

చేనుకు దోమ పట్టిందంటే ఇదివరకు మందుల కొట్టు దాకా నడవాలి. లేదంటే వ్యవసాయాధికారి ఊళ్లోకి వచ్చేదాకా ఆగాలి. ఇప్పుడలా కాదు. గట్టు మీదే నిలబడి ఫోను నోటి దగ్గర పెట్టుకుని “వరిసేను ఎర్రబడిపోతంది, ఏటి మందు కొట్టాల?” అని అడిగేస్తున్నారు. ఫోను కూడా తెలుగులోనే జవాబు చెబుతోంది. చదువు అంతగా లేకపోయినా, అక్షరాలు నొక్కడం చేతకాకపోయినా నోటి మాటతో పని జరిగిపోతోంది. చిన్న, సన్నకారు రైతులకు ఇది మంచి సదుపాయమే. వాడుకోవలసిందే.

అయితే రైతు సోదరులు ఒక సంగతి గమనించాలి. రచ్చబండ మీద తోటి రైతుతో చెప్పిన మాట నాలుగు రోజులకు ఎవరికీ గుర్తుండదు. ఫోనుకు చెప్పిన మాట అలా పోదు. తేదీతో, గంటతో సహా నిలవ ఉంటుంది. అది మీ ఫోనులో కాదు, ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లలో, ఒక ఖాతా పేరు మీద ఉంటుంది. ఆ ఖాతా ఎవరిది? మీదా, మీ అబ్బాయిదా, ఫోను అమ్మిన కొట్టువాడిదా? అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

మాట ఎలా నిలవ అవుతుంది?

గూగుల్ అసిస్టెంట్, జెమిని, అలెక్సా, సిరి. ఇలా మాట విని జవాబు చెప్పేవి చాలా వచ్చాయి. మన పల్లెల్లో ఎక్కువగా ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు కాబట్టి గూగుల్ వారివే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. జెమిని యాప్ 2024 జూన్‌లో మన దేశానికి తెలుగుతో సహా వచ్చింది. పాత అసిస్టెంట్ స్థానంలో జెమినిని తెస్తామని గూగుల్ 2025లో ప్రకటించింది. అందువల్ల కొన్ని ఫోన్లలో పాతది, కొన్నింటిలో కొత్తది, కొన్నింటిలో రెండూ కనబడతాయి.

“హే గూగుల్” అని పిలిస్తే పలికేలా ఫోనును పెట్టుకున్నామనుకోండి. ఆ పిలుపు కోసం మైకు ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. పిలుపు వినబడనంత వరకు ఆ శబ్దం ఫోను దాటి పోదు. పిలుపు వినబడిందనుకోగానే ఆ తర్వాతి మాటలు కంపెనీ కంప్యూటర్లకు చేరతాయి. అక్కడ మాటను అక్షరాలుగా మార్చి, జవాబు తయారుచేసి పంపుతారు.

ఇక్కడ రెండు రకాల నిలవలున్నాయి. ఒకటి మీ గొంతు రికార్డు. రెండోది మీ మాటను అక్షరాల్లో రాసుకున్న పద్దు. గూగుల్ అసిస్టెంట్‌లో మీరు ఒప్పుకుంటే తప్ప గొంతు రికార్డును ఖాతాలో దాచరు. అక్షరాల పద్దు మాత్రం ఖాతాలో ఆ సెట్టింగు ఆన్‌లో ఉంటే నిలవ ఉంటుంది. “నా గొంతు దాచట్లేదు కదా” అని నిశ్చింతగా ఉండిపోతే పొరపాటే. మీరు ఏం అడిగారో ఆ పద్దు చూస్తే తెలిసిపోతుంది.

పిలవకపోయినా పలికితే?

ఒక్కోసారి మనం పిలవకపోయినా ఫోను పిలిచారనుకుని పలుకుతుంది. ఇంట్లో మాట్లాడుకునే మాటో, టీవీలో మాటో దానికి పిలుపులా వినబడుతుంది. 2019 జులైలో బెల్జియం దేశపు వీఆర్‌టీ అనే ప్రసార సంస్థ ఈ సంగతి బయటపెట్టింది. గూగుల్ అసిస్టెంట్ రికార్డులు వెయ్యికి పైగా దాని చేతికి వచ్చాయి. వాటిలో 153 ఎవరూ పిలవకుండానే రికార్డయినవి. పడకగది మాటలు, తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడిన మాటలు కూడా అందులో ఉన్నాయి. యంత్రం భాషను సరిగ్గా పట్టుకుందో లేదో చూడటానికి మనుషులు కొన్ని రికార్డులు వింటారని, అవి మొత్తంలో 0.2 శాతమేనని గూగుల్ అప్పట్లో చెప్పింది.

అలెక్సా రికార్డులను కూడా మనుషులు వింటున్నారని, అలా వినేవారు మన దేశంలోనూ ఉన్నారని అదే ఏడాది ఏప్రిల్‌లో పత్రికల్లో వచ్చింది. 2023లో అమెరికా ప్రభుత్వం అమెజాన్ మీద కేసు పెట్టింది. అలెక్సాతో మాట్లాడిన పిల్లల గొంతు రికార్డులను ఏళ్ల తరబడి దాచారని, తల్లిదండ్రులు తుడిచెయ్యమన్నా పూర్తిగా తుడవలేదని ఆరోపణ. ఆరోపణలను ఒప్పుకోకపోయినా, కేసు ముగించుకోవడానికి ఆ కంపెనీ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది.

ఇవన్నీ దూరదేశాల సంగతులే. అయితే మన చేతిలో ఉన్నవీ ఆ కంపెనీల సరుకే.

ఖాతా ఎవరిది?

మన జిల్లాల్లో ఇంటికొకరు వలస ఉన్న ఊళ్లు చాలా. కొడుకు హైదరాబాదులోనో, చెన్నైలోనో, విశాఖలోనో పని చేస్తుంటాడు. కొత్త ఫోను కొనుక్కుని పాతది నాన్నకిస్తాడు. సిమ్ము మార్చుకుంటారు గాని, లోపలి ఖాతా మార్చరు. ఇక నాన్న పొలంలో అడిగిన ప్రతి మాటా కొడుకు ఖాతాలో పడుతూ ఉంటుంది. కొడుకు తన కొత్త ఫోనులో ఆ పద్దు తెరిస్తే తండ్రి ఏరోజు ఏమడిగాడో వరుసగా కనబడుతుంది.

వరి తెగులు గురించి అడిగితే ఫరవాలేదు. కాని ఉద్దానంలో ఒక రైతు ఇంట్లో ఇంకా చెప్పని జబ్బు గురించి అడిగాడనుకుందాం. “క్రియాటినిన్ ఎంతుంటే డయాలసిస్ చేస్తారు?” అని. లేదా బంగారం మీద తెచ్చిన అప్పు గురించి, అన్నదమ్ముల భూమి పంపకం గురించి అడిగాడనుకుందాం. ఆయన ఎవరికీ చెప్పలేదనుకుంటాడు. ఆ మాట మాత్రం ఊరు దాటి, ఇంకొకరి చేతిలోని ఫోనుకు చేరి ఉంటుంది. జబ్బు సంగతి కొడుక్కి తెలియడం మంచిదే కావచ్చు. అయినా ఆ మాట ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ఆ తండ్రి ఇష్టం మీద ఉండాలి.

ఇంకో రకం ఉంది. ఫోను కొన్న రోజు “నాకేటీ తెలీదు, నువ్వే సూడు బాబూ” అని కొట్టువాడికే ఇచ్చేస్తాం. అతను ఏదో పేరుతో ఖాతా తెరిచి ఇచ్చేస్తాడు. దాని రహస్య సంకేతం, అంటే పాస్‌వర్డ్, మనకు తెలియదు. కొట్టువాడు మంచివాడే కావచ్చు. అయినా మన ధాన్యం పురికి తాళం వేరొకరి దగ్గర ఉంచుతామా?

ఖాతా తెలుసుకోవడం చాలా తేలిక. ప్లే స్టోర్ తెరిస్తే పైన కుడి మూల చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఖాతా పేరు, ఈమెయిలు చిరునామా కనబడతాయి. అది మీది కాకపోతే ఇలా చేయండి:

1. మీ పేరున, మీ ఫోను నంబరుతో కొత్త ఖాతా తెరవండి. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. నమ్మకమైన ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పాస్‌వర్డ్ మాత్రం మీరే అనుకుని పెట్టండి.
2. పాత ఖాతాలో మీకు కావలసిన ఫొటోలు, ఫోను నంబర్లు ఉంటే ముందు కొత్త దానిలోకి మార్చుకోండి. ఆ తర్వాతే పాత ఖాతాను ఫోను నుంచి తీసేయండి.
3. కొట్టువాడు తెరిచిన ఖాతానే మీ పేరు మీద ఉంటే, పాస్‌వర్డ్ మార్చండి. ఖాతా తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చిన ఫోను నంబరు మీదేనా అని చూడండి.
4. పాత ఫోను అమ్మేటప్పుడు ముందు ఖాతా తీసేయాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేసి ఫోనంతా ఖాళీ చేయాలి. సిమ్ము ఒక్కటే తీసి ఇచ్చేస్తే సరిపోదు.

నిలవ చూసుకోవడం, తుడవడం

ఫోన్లను బట్టి, కంపెనీ చేసే మార్పులను బట్టి పేర్లు కొద్దిగా మారవచ్చు. దారి మాత్రం దాదాపు ఇదే.

గూగుల్ అసిస్టెంట్ అయితే: ఫోను సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘గూగుల్’ నొక్కండి. మీ ఖాతాను మేనేజ్ చేసే చోటికి వెళ్లి ‘డేటా, గోప్యత’ అన్న భాగం తెరవండి. అక్కడ ‘వెబ్, యాప్ యాక్టివిటీ’ ఉంటుంది. మీరు అడిగినవి తేదీల వారీగా చూపించే ‘మై యాక్టివిటీ’ పేజీకి అక్కడినుంచే దారి. ఒక్కొక్క మాటా తుడవవచ్చు, ఒక రోజువి తుడవవచ్చు, మొదటినుంచీ ఉన్నవన్నీ తుడవవచ్చు. గొంతు రికార్డులు దాచడానికి అనుమతి ఇచ్చారో లేదో అక్కడే చిన్న గడిలో తెలుస్తుంది. టిక్కు ఉంటే తీసేయండి.

జెమిని అయితే: యాప్ తెరిచి పైన మీ బొమ్మ నొక్కితే ‘యాక్టివిటీ’ అని వస్తుంది. అందులో ఇప్పటిదాకా అడిగినవి ఉంటాయి. చివరి గంటవి, చివరి రోజువి, మొత్తం అంతా, ఏది కావాలంటే అది తుడవవచ్చు.

అలెక్సా అయితే: అలెక్సా యాప్‌లో ‘మోర్’ నొక్కి ‘అలెక్సా ప్రైవసీ’లోకి వెళ్లాలి. వాయిస్ హిస్టరీ అక్కడ ఉంటుంది. డబ్బా మీద మైకు ఆపే మీట కూడా ఉంటుంది. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. అంటే ఇక వినడం లేదని అర్థం.

ప్రతిసారీ తుడవడం మరిచిపోతామనుకుంటే ‘ఆటో డిలీట్’ పెట్టుకోండి. గూగుల్‌లో 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని మూడు గడువులుంటాయి. మీరేమీ ముట్టుకోకపోతే జెమినిలో సాధారణంగా 18 నెలలు ఉంటుంది. మనకు 3 నెలలు చాలు. ఒక పంట కాలం అడిగినవి ఆ పంటకు పనికొస్తాయి. ఆపైన వాటితో మనకు పని లేదు.

తుడిస్తే అంతా పోయినట్టేనా?

పూర్తిగా కాదు. ఇది తప్పకుండా తెలుసుకోవాలి. జెమినిలో మనుషులు పరిశీలించడానికి తీసిన సంభాషణలుంటాయి. వాటిని ఖాతా పేరు నుంచి విడదీసి మూడేళ్ల దాకా ఉంచుకుంటామని గూగుల్ చెబుతోంది. మీరు తుడిచినా అవి పోవు. యాక్టివిటీ పూర్తిగా ఆపేసినా జవాబు ఇవ్వడానికి, భద్రతకు 72 గంటల దాకా మాటలు ఉంటాయి. పరిశీలించేవారు చూడకూడదనుకునే రహస్య వివరాలు చెప్పవద్దని కంపెనీయే హెచ్చరిస్తోంది.

కళ్లంలో ఒలికిన గింజల్ని ఎంత ఊడ్చినా కొన్ని మట్టిలో మిగిలిపోతాయి. ఇదీ అంతే. తుడవడం మంచి అలవాటు. చెప్పకూడనిది అసలు చెప్పకపోవడం అంతకంటే మంచిది. ఈ కింది వివరాలు ఏ మాటల యాప్‌కూ చెప్పవద్దు:

- ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఏటీఎం కార్డు నంబరు, పిన్ను
- ఫోనుకు వచ్చే ఓటీపీ
- పట్టాదారు పాసుపుస్తకంలోని ఖాతా, సర్వే నంబర్లు
- ఇంట్లో బంగారం, డబ్బు ఎక్కడ ఉన్నదీ, ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉంటుందీ
- ఇతరుల అప్పులు, జబ్బులు, తగాదాలు, వారి పేర్లతో సహా

పని జరగడానికి ఇవేవీ అక్కర్లేదు. “ఫలానా సర్వే నంబరులో నా ఎకరం ముప్పై సెంట్లకు” అననక్కర్లేదు. “ఎకరం పైచిలుకు పల్లపు మడి, వరి దుబ్బు చేసే దశ, ఆకులు పసుపు రంగుకు తిరిగాయి” అంటే చాలు. జవాబుకు కావలసింది పంట, వయసు, నేల, లక్షణం. మీ పేరు, ఊరు, అప్పు దానికి అవసరం లేదు.

ప్రభుత్వ సేవల సంగతి

పీఎం కిసాన్ పథకానికి ‘కిసాన్ ఇ-మిత్ర’ అనే మాటల సహాయకుణ్ణి కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రవేశపెట్టింది. అది తెలుగులోనూ మాట్లాడుతుంది. ఏడాదికి వచ్చే రూ. 6,000లో మీ వాయిదా పడిందో లేదో చూడాలంటే అక్కడ మీ వివరాలు ఇవ్వక తప్పదు. అందులో తప్పులేదు. అయితే మీరు తెరిచింది అసలైన పీఎం కిసాన్ పేజీయేనని, ప్లే స్టోర్ నుంచి వచ్చిన అసలు యాప్‌యేనని రూఢి చేసుకోవాలి. ఓటీపీ ఆ పేజీలోనే వెయ్యాలి. ఫోను చేసి అడిగినవాడికి ఎంత పెద్ద అధికారినన్నా చెప్పకూడదు.

పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో నకిలీ యాప్ ఫైళ్లు తిరుగుతున్నాయి. అవి ఫోనులోకి దిగితే సందేశాలు, ఓటీపీలు దొంగల చేతికి పోతాయి. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఏదైనా సరే, తెరవవద్దు.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. దాని నంబరు 9552300009. ఈ పేరుతో వేరే నంబరు నుంచి సందేశం వస్తే నమ్మవద్దు. ఇంకో మాట. మీ ఫోనులో చాట్ తుడిచేసినంత మాత్రాన అవతలికి చేరిన వివరం తుడిచినట్టు కాదు. కాబట్టి పనికి అవసరమైన కాగితం, అవసరమైన నంబరు మాత్రమే పంపండి.

చట్టం ఏమంటోంది?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. అవి దశలవారీగా అమలవుతాయి. కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. మీ వివరాలు ఏమేం ఉన్నాయో అడిగే హక్కు, తప్పులు దిద్దించుకునే హక్కు, తుడిపించుకునే హక్కు ఈ చట్టంలో ఉన్నాయి. ఉల్లంఘనను బట్టి రూ. 250 కోట్ల దాకా జరిమానా ఉంది. ఎకరం ఉన్న రైతుకైనా, వందెకరాలున్న వారికైనా ఈ హక్కులు ఒకటే.

సందేహాలు - సమాధానాలు

మేం మాట్లాడుకున్నవన్నీ ఫోను ఎప్పుడూ వింటుందా?
పిలుపు కోసం ఎదురుచూడటం వేరు, మాటలు రికార్డు చేయడం వేరు. అనుమానంగా ఉంటే గూగుల్ సెట్టింగ్స్‌లో ‘వాయిస్ మ్యాచ్’ ఆపేయండి. అప్పుడు మీరు మైకు గుర్తు నొక్కితేనే అది వింటుంది. చాలా రైతు కుటుంబాలకు ఇదే తగిన పద్ధతి.

వేరే యాప్ ఏదైనా మైకు వాడుతోందని ఎలా తెలుస్తుంది?
2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో మైకు వాడుకలో ఉంటే తెర పైన కుడి మూల పచ్చని గుర్తు వస్తుంది. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ’, అందులో ‘పర్మిషన్ మేనేజర్’, అందులో ‘మైక్రోఫోన్’ నొక్కితే ఏయే యాప్‌లకు అనుమతి ఉందో తెలుస్తుంది. టార్చిలైటు, ఆటల యాప్‌లకు మైకుతో పనేముంది? అలాంటివాటికి అనుమతి తీసేయండి.

మొత్తం ఆపేస్తే వాతావరణం, ధరలు అడగడం కుదరదా?
కుదురుతుంది. నిలవ ఆపేసినా జవాబులు వస్తాయి. మీరు ముందు అడిగింది గుర్తుపెట్టుకుని చెప్పడం మాత్రం తగ్గుతుంది.

ఖాతాలో పడకుండా అడగాలంటే?
మనుషుల్ని అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం, ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి.

పొరపాటున ఓటీపీ చెప్పేశాను, డబ్బు పోయింది. ఏం చేయాలి?
వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకూ చెప్పండి. సిగ్గుపడి ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

ఈ ఆదివారం పని

ఇంట్లో చదువుకునే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఈ నాలుగు పనులూ చేసేయండి. ఖాతా ఎవరిదో చూడండి. పాత మాటలు తుడవండి. గడువు 3 నెలలకు పెట్టండి. “హే గూగుల్” పిలుపు ఆపి, నొక్కితేనే వినేలా చేయండి. అంతా కలిపి అరగంట పని. ఫోను రెండోది ఇంటామె దగ్గర ఉంటే అదీ చూడండి. డ్వాక్రా అప్పుల లెక్కలు, పిల్లల చదువుల మాటలు అందులోనూ ఉంటాయి.

ఫోనును అడగడం మానుకోవద్దు. మినుముకు పల్లాకు తెగులు వచ్చినా, మొక్కజొన్నకు కత్తెర పురుగు పట్టినా, కొబ్బరికి తెల్లదోమ తగిలినా నిరభ్యంతరంగా అడగండి. పంట సంగతి పదిమందికీ తెలిసినా నష్టం లేదు. ఇంటి సంగతి మాత్రం మీరు చెప్పాలనుకున్నవారికే తెలియాలి.